మగ్గాలు పెంచితే చాలదు, కండెలూ అందాలి

సూరత్ పవర్‌లూమ్ షెడ్లలో పనిచేసే తెలుగు నేత కార్మికులకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. నాడెలో కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. గోదాములో నూలు ఎంత ఉన్నా, వేళకు మగ్గం దగ్గరికి చేరకపోతే గుడ్డ నేయలేరు. నేటి కంప్యూటర్ల చిక్కూ అలాంటిదే.

ఇప్పుడు ఒక్కో ప్రాసెసర్‌లో పదుల కొద్దీ కోర్లుంటున్నాయి. మెమొరీ మాత్రం అంచెలంచెలుగా ఉంటుంది. కోర్‌ను ఆనుకుని ఉన్న చిన్న క్యాష్ నుంచి ఒక సంఖ్య అందడానికి సుమారు 1 నానోసెకను పడుతుంది. ప్రధాన మెమొరీ నుంచి రావాలంటే దాదాపు 100 నానోసెకన్లు పట్టవచ్చు. మొదటిది ఒక సెకను అనుకుంటే, రెండోది నిమిషంన్నరకు పైనే. రెండు ప్రాసెసర్లున్న సర్వర్లలో అవతలి ప్రాసెసర్ వైపున్న మెమొరీ ఇంకా దూరం.

సీ భాషలో ఒక పెద్ద సంఖ్యల పట్టికను కూడాలనుకుందాం. అడ్డు వరుసల వెంట వెళితే, ఒకసారి తెచ్చిన 64 బైట్లలోని 8 సంఖ్యలూ పనికొస్తాయి. నిలువు వరుసల వెంట వెళితే చాలాసార్లు ఒక్కటే వాడుకుని మిగతావి వదిలేయాల్సి వస్తుంది. జవాబు అదే, సమయం మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. కోర్లన్నీ ఒకే మెమొరీ దారి మీద పడితే రద్దీ ఇంకా పెరుగుతుంది.

జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలైంది. దాని కింద ఐఐటీ గాంధీనగర్‌కు పరమ్ అనంత, ఐఐటీ హైదరాబాద్‌కు పరమ్ సేవా వచ్చాయి. ఒక్కోదాని సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. అయితే అది గరిష్ఠ పరిమితి. డేటా వేళకు అందకపోతే కోర్లు కరెంటు ఖర్చు చేస్తూ ఖాళీగా ఎదురుచూస్తాయి.

కంపైలర్లు, లైబ్రరీలు ఈ పని చూసుకుంటాయన్న వాదన కొంతవరకే నిజం. మాత్రికల గుణకారం లాంటి వాటికి మంచి లైబ్రరీలున్నాయి. కానీ వాతావరణ నమూనాకో, ప్రోటీన్ అణువుల అధ్యయనానికో సొంతంగా ప్రోగ్రామ్ రాసే పరిశోధకుడే డేటాను ఎలా అమర్చాలో, ఏ కోర్‌కు ఏ భాగం ఇవ్వాలో నిర్ణయించుకోవాలి.

అందుకే సూరత్ ఎన్ఐటీలోనైనా, వరంగల్ ఎన్ఐటీలోనైనా, చిన్న ఊరి కళాశాలలోనైనా ఈ పాఠం మొదటి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లోనే ఉండాలి. పట్టికను రెండు విధాలా కూడించి, పట్టిన సమయం కొలిపిస్తే చాలు. అందుకు సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. కోట్లు పోసి కొన్న యంత్రం పూర్తిగా పనిచేయాలంటే ముందు ఆ ఒక్క గంట ఖర్చు పెట్టాలి.