కోనసీమలో కవులు కలిసే చోట్లు

సంపాదకులకు,

కోనసీమలో కొత్తగా రాసేవారు కలిసే చోటే లేదన్న గత సంచిక వ్యాసం సగమే నిజం. కవి బోయి భీమన్నకు జన్మనిచ్చిన మామిడికుదురు ఈ సీమదే. ఇక్కడ కవిత్వానికి చోటుంది, అక్కడికి దారి తెలియాలి.

మొదటి దారి శాఖా గ్రంథాలయం. పుస్తకావిష్కరణ ఆహ్వాన పత్రికలు అక్కడి నోటీసు బోర్డుకే చేరతాయి. వాటి అడుగున ఉండే నిర్వాహకుల ఫోను నంబరే సాహితీ సంఘానికి తలుపు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు పరిచయాలకు అనువైన సమయం. రెండోది కళాశాలల తెలుగు శాఖ. ఉగాది కవి సమ్మేళనాల, ఆగస్టు 29న జరిగే గిడుగు రామమూర్తి జయంతి సభల కబురు అక్కడ తెలుస్తుంది. మూడోది దినపత్రికల జిల్లా పేజీ. 1943లో తెనాలిలో పుట్టిన అరసం (అభ్యుదయ రచయితల సంఘం) వంటి సంఘాల సమావేశాల వార్తలు అందులో వస్తాయి. సీమ బయటికి వెళ్లగలిగేవారికి ఎదుర్లంక వారధి దాటితే యానాం, రావులపాలెం మీదుగా వెళ్తే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం అందుబాటులోనే ఉన్నాయి.

సభ వేరు, కార్యశాల వేరు. సభలో కవిత చదివితే చప్పట్లు వస్తాయి. కార్యశాలలో చిత్తుప్రతి చేతులు మారుతుంది. ఏ పాదం బరువైందో, ఏ మాట అనవసరమో తోటివారు పెన్సిలుతో గుర్తు పెడతారు. కొత్త కవికి ఎక్కువ మేలు చేసేది ఇదే. డబ్బు కట్టించుకుని ప్రశంసాపత్రం, సంకలనంలో చోటు ఇచ్చే పోటీలు ఆ పని చేయవు.

దగ్గరలో ఏదీ లేకపోతే నలుగురు చాలు. గ్రంథాలయాధికారి అనుమతితో నెలకో ఆదివారం పఠన మందిరంలో కూర్చోవచ్చు. తలా ఒక కవిత, నాలుగు నకళ్లు తెచ్చుకుంటే కార్యశాల మొదలైనట్టే.

— ఒక పాఠకుడు, అమలాపురం