టామ్‌క్యాట్ లేవకపోతే ముందు ఏం చూడాలి?



పోయిన నెల గ్రూపులో ఒక చెల్లి రాసింది: "అక్కా, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ జావా పట్టుకున్నాను. టామ్‌క్యాట్ పెట్టడం దగ్గరే ఆగిపోయాను. ఇంక నావల్ల కాదేమో."

ఆ చివరి మాట నేనూ అనుకున్నదే. రెండేళ్ల కిందట, ఇక్కడ ఆంగ్ మో కియోలో పిల్లల్ని బడికి పంపి, లాప్‌టాప్ ముందు కూర్చుని ఏడ్చాను. వారంలో ఇంటర్వ్యూ. పాత ఉద్యోగంలో ఉన్నప్పుడు నేర్చుకుంటూ రాసుకున్న నా ప్రోగ్రాం నడిపి చూపించాలి. అందుకే ఈసారి వంటలు పక్కన పెట్టి, నేను ఎక్కడెక్కడ పడ్డానో చెప్తాను.

మొదటిది జావా. స్టార్టప్ నొక్కగానే నల్ల కిటికీ మెరిసి మాయమైతే, ఎక్కువసార్లు జావా ఎక్కడుందో టామ్‌క్యాట్‌కి తెలియకే. 'జావా హోమ్' సెట్టింగులో జావా ఫోల్డర్ దారి ఇవ్వండి. లోపలి బిన్ ఫోల్డర్ కాదు, దాని పైది. నేను బిన్ ఇచ్చి ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

రెండోది పోర్టు. మన హెచ్‌డీబీల్లో బ్లాక్ నంబరు ఒకటే అయినా ఇంటి నంబర్లు వేరు కదా? కంప్యూటర్ బ్లాక్ అనుకుంటే పోర్టు ఇంటి నంబరు. టామ్‌క్యాట్ 8080 అడుగుతుంది. అందులో ఇంకెవరైనా ఉంటే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటుంది. చాలాసార్లు ఆ ఉన్నది నిన్న మనం ఆపడం మర్చిపోయిన టామ్‌క్యాటే! దాన్ని ఆపండి. వేరే ప్రోగ్రాం అయితే, కాన్ఫ్ ఫోల్డర్‌లోని సర్వర్ ఫైల్లో 8080ని 8081 చేసి మళ్లీ స్టార్ట్ చేయండి.

మూడోది 404. భయపడకండి, సర్వర్ లేచిందనే అర్థం. మీరడిగిన పేజీ దొరకలేదంతే. వెబ్‌యాప్స్‌లో పెట్టిన వార్ ఫైల్ పేరే అడ్రసులోనూ ఉండాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా ఒప్పుకోదు.

నాలుగోదే నన్ను ఏడిపించింది. అన్నీ సరిగ్గా ఉన్నా 404 పోలేదు. సంగతేంటంటే, 2017లో ఒరాకిల్ ఈ జావా విభాగాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. కానీ 'జావాఎక్స్' పేర్లతో కొత్త మార్పులు చేసుకోవడానికి ఒప్పందం కుదరలేదు. దాంతో టామ్‌క్యాట్ 10 నుంచి ఆ పేర్లు 'జకార్తా' అయ్యాయి. నా సర్వ్‌లెట్లన్నీ పాత పేర్లతో ఉన్నాయి, కొత్త టామ్‌క్యాట్ వాటిని గుర్తుపట్టలేదు. టామ్‌క్యాట్ 9 పెట్టగానే పేజీ వచ్చేసింది! కొత్తగా రాసేవాళ్లు మాత్రం జకార్తాతోనే మొదలుపెట్టండి.

ఏది ఆగినా ముందు లాగ్స్ ఫోల్డర్ తెరవండి. నర్సు అక్కలకు చెప్పక్కర్లేదు, పేషెంటు దగ్గరికెళ్లేముందు ఛార్టు చూస్తారు కదా! 'సివియర్', 'కాజ్డ్ బై' అన్న వరుసలు వెతకండి. అర్థం కాకపోతే ఆ భాగం గ్రూపులో పెట్టండి, పాస్‌వర్డులు మాత్రం కనిపించనివ్వకండి.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. మూడో ఇంటర్వ్యూలో వచ్చింది. కానీ ఆ రోజే ఒకటి తెలిసింది: నేను రాసింది పాడవలేదు, నేను ఇంట్లో ఉన్నప్పుడు బయట పేర్లు మారాయంతే. పేర్లు నేర్చుకోవచ్చు.

చెల్లీ, నీ లాగ్ పంపు. చూద్దాం.