నాన్న గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు.. గుర్రం మాత్రం కదిలింది

ఈ వారం కొత్త కీబోర్డు గురించి రాద్దామనుకున్నా. సగం రాశా కూడా. ఇంతలో అమ్మ ఫోన్.

"మన ఊళ్లో మళ్లీ ఎలక్షన్ల గోల మొదలైందిరా" అంది. 2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచుల ఐదేళ్ల లెక్క పూర్తయ్యే టైమొచ్చింది కదా, టీకొట్టు దగ్గర ఈసారి ఎవరు నిలబడతారనే లెక్కలు నడుస్తున్నాయట. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. అది కాగితం మీద మాటే లెండి. ఎవరు ఏ పార్టీయో మా ఊళ్లో గేదెలక్కూడా తెలుసు.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఒకే మాట అంది. "ఈసారైనా నువ్వూ మీ నాన్నా మూతులు ముడుచుకుని కూర్చోకండి."

దాంతో కీబోర్డు పక్కకు పోయింది. ఆ మూతి ముడుపు కథే ఈ వారం.

మాది గుడివాడ పక్కన పల్లెటూరు. నాన్నకు రెండెకరాల వరి. చదివింది పదో తరగతి. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, చదరంగం. మా తాత దగ్గర నేర్చుకున్నారు. 2002లో కోనేరు హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు, "మన గుడివాడ పిల్ల" అని ఊరంతా చెప్పుకుని తిరిగారట. నాకప్పుడు ఐదేళ్లు. ఆ వారమే నన్ను బోర్డు ముందు కూర్చోబెట్టారు. హంపిని కాలేకపోయా, ఇంజినీర్‌నయ్యా. ఆయనకు ఆ బాధ ఇంకా ఉందనుకుంటా.

2024 సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్న ఫోన్‌లో లీచెస్ వేసిచ్చా. పైసా ఖర్చుండదు, ప్రకటనలుండవు. 2010లో తిబో డుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, కోడ్ మొత్తం ఎవరైనా చూడొచ్చు. అందులో ఒక్కో ఎత్తుకు రోజుల కొద్దీ టైమ్ పెట్టుకుని ఆడే పద్ధతి ఉంది. మేం మూడు రోజులు పెట్టుకున్నాం. నేను హైదరాబాద్‌లో మెట్రోలో ఓ ఎత్తు వేస్తే, ఆయన పొలం నుంచి వచ్చాక ఇంకోటి వేసేవారు.

మొదటి వారంలోనే బగ్ రిపోర్ట్ వచ్చింది. "ఒరేయ్, నీ యాప్‌లో తప్పుంది. నా బంటు రెండు గళ్లు దూకి నీ బంటు పక్కన నిలబడింది. నీది ఖాళీ గడిలోకి ఏటవాలుగా వెళ్తే నాది మాయమైపోయింది!"

నిజానికది తప్పు కాదు, ఆంపసాంత్ అనే అసలైన రూలు. మా తాత నేర్పిన పాత పద్ధతిలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే కదులుతుంది. రెండు గళ్ల దూకుడే లేనప్పుడు దాన్ని పట్టుకునే రూలెందుకు ఉంటుంది? "బగ్ కాదు నాన్నా, ఫీచర్" అన్నా. "మీ కంపెనీవాళ్లంతా ఇదే మాటంటారట కదా" అన్నారు. అమ్మ చెప్పినట్టుంది.

ఇక గొడవ దగ్గరికొద్దాం.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. ఆంధ్రాలో అసెంబ్లీకీ, లోక్‌సభకూ కలిపి మే 13న పోలింగ్. నాన్న పార్టీ ఒకటి, నాది ఇంకోటి. ఏది ఎవరిదో చెప్పను. చెబితే మీలో సగం మంది ఇక్కడే ఆపేసి కామెంట్లలోకి వెళ్లిపోతారు.

నెలాఖరులో ఓ రాత్రి మా ఫ్యామిలీ గ్రూప్‌లో నాన్న ఓ ఫొటో పెట్టారు. పైన రెండు బాణాల గుర్తు, అంటే అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందన్నమాట. మన రాష్ట్రంలో రోడ్డు ఇదిగో ఇలా ఉంది అని కింద ఓ పేరా తిట్లు. గూగుల్ లెన్స్‌లో పెడితే రెండు నిమిషాల్లో తేలింది. అసలది మన రాష్ట్రమే కాదు. కొన్నేళ్ల నాటి ఫొటో.

ఆ లింకు గ్రూప్‌లో పెట్టా. అక్కడితో ఆపితే బాగుండేది. పెద్దమావయ్య నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. బాబాయ్ వెనకేసుకొచ్చాడు. నాకు ఊపొచ్చింది. "చదవకుండా పంపే మీలాంటివాళ్ల వల్లే నాన్నా రాష్ట్రం ఇలా తయారైంది" అని కొట్టేశా.

పది నిమిషాల తర్వాత నాన్న గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా వెళ్లిపోతే ఆ సంగతి అడ్మిన్లకు మాత్రమే కనిపిస్తుంది. మా గ్రూప్‌కు అడ్మిన్‌ని నేనొక్కణ్నే. కాబట్టి ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆ గీత చూస్తూ కూర్చున్నవాణ్నీ నేనొక్కణ్నే.

పొద్దున్నే ఫోన్ చేశా, ఎత్తలేదు. అమ్మకు చేస్తే, "పొలం వెళ్లారు" అంది. సాయంత్రం చేస్తే, "స్నానం చేస్తున్నారు" అంది. మర్నాడూ స్నానమే. మా నాన్న జీవితంలో అన్ని స్నానాలు ఎప్పుడూ చేయలేదు.

కానీ ఆ మొదటి రోజే, పదిన్నరకు స్టాండప్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ చిన్నగా మోగింది. లీచెస్. నాన్న గుర్రం కదిపారు.

మాట లేదు గానీ ఆట ఉంది. నలభై ఐదు రోజులు అలాగే నడిచింది. చాట్ పెట్టె ఖాళీగానే ఉండేది. రెండు రోజులకో, మూడు రోజులకో ఓ ఎత్తు. ఓసారి టైమ్ అయిపోవడానికి ఇంకో గంట ఉందనగా వేశారు. అలిగిన మనిషి ఆట వదిలేసి ఓడిపోవచ్చు కదా, వదల్లేదు. నేనూ వదల్లేదు. ఆ బోర్డు ఒక్కటే మా మధ్య తెరిచి ఉన్న కిటికీ.

ఆ రోజుల్లోనే ఆఫీసులో ఓ పని పడింది. పాత కోడ్‌లో ఓ వింత కండిషన్ కనిపించింది. ఎందుకుందో అర్థం కాలేదు, చెత్తలా ఉంది. తీసేశా. ఆ రాత్రే బిల్లులు తయారుచేసే ప్రోగ్రామ్ పడిపోయింది. ఎవరు రాశారా అని గిట్‌లో బ్లేమ్ కొట్టి చూశా. కోడ్ రాయనివాళ్ల కోసం చెబుతున్నా.. ఏ లైను చివరిసారి ఎవరు మార్చారో చూపించే కమాండ్ అది. దాని పేరే నింద. పేరు కనపడింది, ఎప్పుడో మానేసిన మనిషి. తిట్టుకున్నా. తర్వాత ఆ మార్పుతో పాటు ఆయన రాసిపెట్టిన మెసేజ్ తెరిచా. ఓ పాత కస్టమర్ డేటాలో తేదీలు తిరగేసి ఉంటాయి, ఇది తీస్తే వాళ్ల బిల్లులు ఆగిపోతాయి అని రెండు లైన్లలో ఉంది. తీసే ముందు చదివి ఉంటే రాత్రి రెండింటిదాకా మేలుకునేవాణ్ని కాదు.

అప్పుడు అనిపించింది.. ముఖం కూడా చూడని మనిషి కోడ్‌కి, "ఇలా ఎందుకు చేశారో చెప్తారా" అని మర్యాదగా కామెంట్ పెడతాం. రివ్యూలో కోడ్‌ని అంటాం గానీ మనిషిని అనం. మరి నన్ను చదివించిన మనిషిని నలుగురి ముందు "మీలాంటివాళ్లు" అన్నానే! ఎందుకు అని ఒక్కసారీ అడగలేదే!

మే 11, శనివారం. ఓటున్న హైదరాబాదంతా విజయవాడ హైవే మీదే ఉంది. పంతంగి టోల్‌గేట్ దగ్గర బస్సు కదలదు. ఐదారు గంటల దారి, ఇల్లు చేరేసరికి పది గంటలు పట్టింది. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. "వచ్చావా" అన్నారు. అంతే. అమ్మ ఇద్దరికీ ఒకే కంచం పీట దగ్గర వడ్డించింది, కావాలనే.

మర్నాటి రాత్రి ఉక్కపోత. కరెంటు పోయింది. నేనే లోపల్నుంచి పాత చెక్క బోర్డు తెచ్చి అరుగు మీద పరిచా. ఓ బంటు పోయి చాలా ఏళ్లయింది, దాని బదులు చింతగింజ. పది ఎత్తులయ్యాక అడిగా. "నాన్నా, ఫొటో సంగతి వదిలెయ్. అసలు ఆ పార్టీ అంటే నీకెందుకంత?"

వెంటనే చెప్పలేదు. ఏనుగును కదిపి, అప్పుడు మొదలుపెట్టారు.

"నీ నాలుగో ఏడాది గుర్తుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని కాలేజీవాళ్లు హాల్ టికెట్ ఆపారు."

గుర్తులేదు. నాకసలు ఆ సంగతే తెలీదు. హాల్ టికెట్ వచ్చింది, పరీక్ష రాశాను, అంతే తెలుసు.

"రేపు పరీక్షనగా ఫోనొచ్చింది. 35 వేలు కట్టమన్నారు. ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు. నాలుగిళ్లు తిరిగా. రాత్రి పదకొండింటికి ఆయన ఇంటి తలుపు కొట్టా. తీశాడు. కాగితం లేకుండా లెక్కపెట్టి ఇచ్చాడు. రెండ్రూపాయల వడ్డీ అనుకో, కానీ ఇచ్చాడు. ఏడాదిన్నరకు తీర్చా. ఆయన ఏ పార్టీలో తిరుగుతాడో నేనూ అటే."

ఇది ఏ ప్రభుత్వం టైమ్‌లో అని లెక్కలు వేయకండి. ఆ బకాయిలు ఎవరి హయాంలోనూ పూర్తిగా తీరలేదు.

నా నోటిదాకా ఓ మాట వచ్చింది, అనేశా కూడా. "అప్పు తీర్చేశావు కదా నాన్నా. ఓటుతో మళ్లీ ఎందుకు తీర్చడం? ఆయన మంచోడైతే పార్టీ మంచిదవుతుందా?"

"నీకేం, ఎన్నైనా చెబుతావు. ఎవరి తలుపూ కొట్టాల్సిన అవసరం నీకు రాలేదు. రాకుండా నేను చూశా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. ఓటు కృతజ్ఞత చీటీ కాకూడదనే నమ్ముతా. కానీ ఆ వాదన నేను ఇంగ్లిష్‌లో చదివి, జీతం తీసుకుంటూ, ఏసీలో కూర్చుని చేయగలుగుతున్నానంటే, ఆ రాత్రి ఎవరో తలుపు తీయబట్టే. ఈ రెండూ నిజమే. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

"గ్రూప్‌లో అలా అని ఉండకూడదు నాన్నా" అన్నా.

"ఫొటో అబద్ధమని నాకొక్కడికే చెప్పుంటే నేనే తీసేసేవాణ్ని కదరా. మీ మావయ్య ముందా?" అన్నారు. ఆ తర్వాత, "నీ మంత్రి పోయింది చూసుకో" అన్నారు. నిజంగానే పోయింది.

పొద్దున ముగ్గురం బయల్దేరాం. అమ్మ జోకు: "ఇద్దరూ వెళ్లి ఒకరి ఓటు ఇంకొకరు కొట్టేసుకుని రావడానికి పెట్రోలెందుకు దండగ? ఈ ఇంట్లో లెక్కకొచ్చేది నా ఓటు ఒక్కటే." ఆమె ఎవరికి వేస్తుందో పాతికేళ్లుగా నాన్నక్కూడా తెలీదు. అడిగితే నవ్వుతుంది.

స్కూల్లో బూత్. లైను వేపచెట్టు దాటింది. నాన్న నా ముందున్నారు. ఎంపీకో మిషను, ఎమ్మెల్యేకో మిషను. బటన్ నొక్కాక వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. నాన్న వేసిన వైపు కాకుండా రెండో వైపు వేశా. నా ఏడు సెకన్లు నేను చూసుకున్నా. బయటికొచ్చాక ఇద్దరం సిరా వేళ్లు పక్కపక్కన పెడితే అమ్మ ఫొటో తీసింది. ఆ ఫొటోలో ఏ వేలు ఏ పార్టీయో ఎవరూ చెప్పలేరు.

ఆంధ్రాలో ఆ ఎన్నికల్లో 81 శాతం పైనే ఓట్లు పడ్డాయి. కొన్ని బూత్‌ల్లో అర్ధరాత్రి దాటినా లైన్లున్నాయి. అదే రోజు పోలింగ్ జరిగిన హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా వేయలేదు. రాజకీయాల గురించి రోజంతా పోస్టులు పెట్టే మా సిటీవాళ్లం, మా నాన్నలాంటివాళ్లకు క్లాసు పీకే ముందు ఈ లెక్క ఓసారి చూసుకోవాలి.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. మా ఇద్దరిలో ఒకరు ఓడారు. గెలిచినవాళ్లు ఒక్క మాట అనలేదు. ఆ రోజు లీచెస్‌లో ఎత్తు మాత్రం రోజూ కంటే తొందరగా వచ్చింది.

నాన్న గ్రూప్‌లోకి మాత్రం రాలేదు. నేనూ బలవంతం చేయలేదు. డిసెంబర్ చివర్లో ఓ పొద్దున నాకు విడిగా మెసేజ్ పెట్టారు. న్యూయార్క్‌లో హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిందని ఎవరో పంపిన ఫొటో. కింద తెలుగులో టైప్ చేశారు. "ఇది నిజమేనా? చూసి చెప్పు. నిజమైతే నన్ను గ్రూప్‌లో కలుపు, పెట్టాలి."

చూశా. నిజమే. కలిపా.

ఇప్పుడు మళ్లీ పంచాయతీ ఎన్నికలొస్తున్నాయి. నాన్న పార్టీ మారలేదు, నేనూ మారలేదు. ఇంట్లో రెండు రూల్స్ పెట్టుకున్నాం. అబద్ధపు ఫార్వర్డ్ కనిపిస్తే విడిగా చెప్పాలి, గ్రూప్‌లో కాదు. రాజకీయం ఫోన్‌లో మాట్లాడకూడదు, మధ్యలో బోర్డు ఉన్నప్పుడే. మీ ఇంట్లో బోర్డు లేకపోతే క్యారమ్సో, పేకో, వేరుశనక్కాయలు ఒలిచే చాటో.. చేతులకు ఏదో ఒక పని ఉంటే చాలు, గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఇది రాస్తుండగా ఫోన్ మోగింది. నాన్న ఎత్తు వేశారు. బంటు రెండు గళ్లు దూకి సరిగ్గా నా బంటు పక్కన నిలబడింది.

ఫీచర్ వాడాలా వద్దా అని ఆలోచిస్తున్నా. మూడు రోజుల టైముంది.