అరిగిన నాణెము - అనేకుల సాక్ష్యము

కౌటిల్యుని అర్థశాస్త్రమున నాణెములను పరీక్షించు అధికారికి రూపదర్శకుడని పేరు. ముద్ర వేయబడినదను అర్థమున రూప్య శబ్దమును పాణిని ప్రత్యేకముగా సాధించెను. నాటి రూపదర్శకుని చేతికి వచ్చిన నాణెమున ముద్ర స్పష్టముగా నుండెడిది. అది చెల్లునా, చెల్లదా యని చెప్పుటయే ఆతని పని. నేటి రూపదర్శకుని పని వేరు. రెండువేల యేండ్లు మట్టిలో నుండి, అరిగి, చిలుము పట్టిన బిళ్లను చూచి, అది ఎవరిదో ఆతడు చెప్పవలసియున్నది. ఈ పని ఒక్కరి వలన కాదనియు, నాణెములు గల పలువురు తమ సొత్తును ఒకచోట చేర్చి చూచుకొన్నగాని సత్యము తేలదనియు ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది.

ఉంగుటూరు, నూజివీడు ప్రాంతమున మామిడి మొక్కలకు గోతులు త్రవ్వుచుండగా ఒక రైతునకు సీసపు బిళ్ల యొకటి దొరికినదనుకొందము. ఒక ప్రక్క ఏదో మృగము యొక్క ఆకారము. అది సింహమో, గుఱ్ఱమో తెలియదు. అంచున మూడు బ్రాహ్మీ అక్షరములు మాత్రము మిగిలినవి: 'సాదస'. రైతు దానిని ఎఱిగిన సేకర్తకిచ్చును. ఆయన 'శాతవాహన నాణెము' అని చీటి వ్రాసి పెట్టెలో నుంచును. దానితో విచారణ ముగియును. నిజమునకు విచారణ మొదలుకావలసినది అచ్చటనే.

ప్రాచీనాంధ్ర నాణెములపై పేర్లు పూర్తిగా కనబడకుండుటకు అరుగుదల యొకటే కారణము కాదు. అచ్చు పెద్దది, లోహపు బిళ్ల చిన్నది. అచ్చు పడినప్పుడు అంచుననున్న అక్షరములలో కొన్ని బిళ్లకు వెలుపలనే పోయినవి. ఒక నాణెమున పేరు మొదలును, వేరొకదానిపై నడుమయు, ఇంకొకదానిపై తుదియు నిలిచినవి. సీసము మెత్తనిది గనుక నిలిచినవియు త్వరగా నలిగిపోయినవి. కావున ఒక్క నాణెము, ఎంత శ్రద్ధతో చూచినను, పూర్తి పాఠము నీయజాలదు. అంచులు విరిగిన తాళపత్రప్రతి చేతనున్న పరిష్కర్త యేమి చేయును? ప్రత్యంతరములకై వెదకును. నాణెమునకును అదియే మార్గము.

ఈ లోపమును ఊహతో పూరించిన కలుగు హాని అల్పము కాదు. శాతవాహన ప్రభువులు నాణెములపై మాతృనామముతో కూడ పేర్కొనబడిరి. ఒక నాణెమున 'పుతస సిరి సాతకణిస' అని మాత్రమే మిగిలినచో, అది గౌతమీపుత్రునిది కావచ్చును, వాసిష్ఠీపుత్రునిది కావచ్చును. నడుమ 'యఞ' అను అక్షరములు చెరిగిపోయినచో యజ్ఞశ్రీ శాతకర్ణిది కూడ కావచ్చును. పోయిన రెండు మూడు అక్షరములతో ఒక రాజు మాఱును, ఆ వెంట కాలము మాఱును.

పైన ఊహించిన 'సాద' శబ్దము కల్పితము కాదు. కోస్తాంధ్రమున ఈ పేరు తుదిని గల సింహముద్ర సీసపు నాణెములు లభించినవి. తొలుత పండితులు ఇట్టివానిని శాతవాహన శ్రేణిలోనే చేర్చగోరిరి. అమరావతి శాసనమునందలి శివమకసాదుడును ఆ పట్టికలోనికే ఎక్కెను. ఇందుకు హేతువు లేకపోలేదు. ప్రాకృతమున రెండచ్చుల నడుమ తకారము దకారమగుట సహజము. 'సాత' యనునదే 'సాద' యైనదని చెప్పుటకు వ్యాకరణము అడ్డురాదు. అయితే వ్యాకరణము అనుమతించినంత మాత్రమున చరిత్ర సిద్ధింపదు.

ఈ చిక్కును విప్పుటలో నూజివీడునకావల, కామవరపుకోట దాపున నున్న గుంటుపల్లి కొండ తోడ్పడినది. అచటి బౌద్ధక్షేత్రమున దొరికిన బ్రాహ్మీ శాసనము 1968లో ఖారవేలునిదిగా ప్రకటింపబడినది. తరువాత దినేశచంద్ర సర్కారు దానిని పరిశీలించి, అది మహామేఘవాహన వంశీయుడగు సిరిసాదుని లేఖకుడైన చులగోముడు మండపమును దానమిచ్చినట్లు చెప్పు శాసనమని చూపెను. వేల్పూరు శాసనమున హారితీపుత్రుడగు మానసాదుడు కనబడుచున్నాడు. ఆతనికి గల 'ఐర' బిరుదము హాథీగుంఫా శాసనమున ఖారవేలునకును కలదు. అమరావతి చేరువనున్న వడ్డమానులో 1980లలో జరిగిన త్రవ్వకములందు సాదరాజుల నాణెములు బయల్పడినవి. ఇవి యన్నియు కలియగా, సాదులు శాతవాహనుల ఒక శాఖ కాక, వేరొక వంశమువారను మతము బలపడినది. శాతవాహనాధికారము కృష్ణాతీరమున స్థిరపడకముందే వీరిచట ఏలిరని పలువురు విద్వాంసుల అభిప్రాయము.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. సాదులను గుర్తించినది ఏ ఒక్క నాణెమును కాదు, ఏ ఒక్క పండితుడును కాదు. పెక్కు నాణెములు, మూడు శాసనములు, ఒకరి పాఠమును మఱియొకరు సరిదిద్దుట - వీని సముదాయమే ఆ వంశమును వెలికి తెచ్చెను. మొదటి పాఠము తప్పినదని దానిని ప్రకటించినవారిని తక్కువచేయుట తగదు. వారు ప్రకటించిరి గనుకనే దిద్దుటకు వీలు కలిగెను. పెట్టెలో దాచిన పాఠమును దిద్దువారెవరు?

గోదావరీతీరమందలి కోటిలింగాల కథయు ఇట్టిదే. పురాణములలో ఆంధ్రవంశపు మొదటి రాజు పేరు మత్స్యమున శిశుకుడనియు, వాయుపురాణమున సింధుకుడనియు, విష్ణుపురాణమున శిప్రకుడనియు కలదు. 1913లో పార్జిటరు ఈ పాఠభేదములను ఒకచోట కూర్చెను. నానాఘాటు శాసనము 'సిముక' యనుచున్నది. కోటిలింగాలలో లభించిన నాణెములను పి. వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి, వానిలో 'ఛిముక' నామమును చదివెను. అచటనే గోభద, నారన, సమగోప మొదలగు రాజుల నాణెములును దొరికినవి. నాణెములు దొరికిన చోటు తెలిసియుండుట వలననే ఈ పేర్లకు ఆంధ్రదేశ చరిత్రలో స్థానము కుదిరినది. అవియే ఊరు పేరు లేక అంగడిలో దొరికియున్నచో వాని విలువ సగమై యుండెడిది.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని శాస్త్రకారులు చెప్పిరి. నాణెమునకును ఈ మూడును వర్తించును. చెరిగిన అక్షరము ఏ అక్షరమును కోరుచున్నదో తోడి నాణెములు చెప్పును. ఆ పూరణము తగునో తగదో భాషయు లిపియు చెప్పును. అది ఏ వస్తువులతో కలిసి, ఏ నేలలో దొరికినదో తెలియుటయే సన్నిధి. సేకర్తలు ఎక్కువగా పోగొట్టునది ఈ మూడవదానినే.

సేకర్తలు తమ నాణెములను చూపుటకు సంకోచింతురు. దొంగల భయము కొంత, చట్టభయము కొంత. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధిచట్టము శాసించుచున్నది. దానిని పాటించుటయే అందఱికి క్షేమము. ఇక చిరకాలముగా న్యాయముగా ఇండ్లలోనున్న నాణెములను చేయి దాటింపనక్కఱలేదు. రెండు ముఖముల ఛాయాచిత్రము, తూకము, కొలత, దొరికిన ఊరు - ఈ నాలుగు వివరములు పరస్పరము పంచుకొన్న చాలును. అక్షరములను స్పష్టముగా చూడగోరి చింతపండుతోను, ఆమ్లములతోను తోముట మాత్రము తగదు. చిలుముతో పాటు అక్షరమును పోవును.

ఈ కార్యమున ఓరియంటల్ కళాశాలలకు బాధ్యత కలదు. నాణెములు సేకర్తల యొద్దనున్నవి, ప్రాకృతము పండితుల యొద్దనున్నది. ఇరువురును కలియుటలేదు. ప్రతి కళాశాలయందును ఏటికొక దినము ప్రాంతీయ సేకర్తలను ఆహ్వానించి, నాణెములను ప్రక్కప్రక్కన పెట్టి చదువు సభ జరుపవచ్చును. విద్యార్థులకు బ్రాహ్మీలిపిని నేర్పుట కొన్ని వారముల పని. చదువ వీలైన అక్షరములను వేరుగాను, ఊహించిన వానిని కుండలీకరణములలోను వ్రాయు నియమము అచటనే అలవడవలెను. తెలియనిదానిని తెలియదని వ్రాయుటయు పాఠనిర్ణయములో భాగమే.

అట్టి సభకు ఉంగుటూరు సీసపు బిళ్ల వచ్చినదనుకొందము. ఎదుటివారి నాణెమున సింహపు తోక స్పష్టముగా నుండును. మఱియొకరి దానియందు 'సాదస'కు ముందున్న రెండక్షరములు మిగిలియుండును. అప్పటికిని రాజు పేరు తేలకపోవచ్చును. కాని పాత చీటిని తీసివేసి, 'సింహముద్ర, సాద నామాంతము, ఉంగుటూరున లభ్యము' అని సరియైన చీటిని వ్రాయుటకు వీలగును. మఱునాడు ఇంకొక నాణెముతో వచ్చువానికి ఆ చీటియే దారి చూపును.