దొరికిన లోహము – దొరికిన చోటు

తొలకరివాన కురిసిన పిదప రైతు పొలము దున్నుచుండగా నాగలికర్రునకు ఏదో తగిలి ఖంగుమని మ్రోగును. మట్టి తొలగించి చూడగా అరచేతిలో ఇముడునంతటి లోహఖండ మొకటి కనబడును. దానికి ఒక ప్రక్క పచ్చని చిలుము, మరియొక ప్రక్క గట్టిపడిన మన్ను. ఈ వార్త ఊరిలో ప్రాకగానే కొందరు లంకెబిందెలు దొరికినవని గుసగుసలాడుదురు. మరికొందరు పాతసామాను కొనువానికి అమ్మివేయుమని సలహా చెప్పుదురు. మొదటివారు దానిని గీటురాతిపై గీయుదురు. రెండవవారు తక్కెడలో వేయుదురు. ఇరువురును అడుగునది ఒకటే ప్రశ్న: దీని వెల యెంత? అది ఎప్పటిది, ఎవరు చేసినది, ఏ పనికై చేసినది అను ప్రశ్న ఇరువురికిని తోచదు.

నిజమునకు అడుగవలసినది ఈ రెండవ ప్రశ్నయే. దానికి సమాధానము లోహములో కొంత మాత్రమే యుండును. అధికభాగము అది దొరికిన చోటనే యుండును. ఈ విషయము తెలియకపోవుటచేత పూర్వుల చరిత్ర కొంత కొలిమిలోను, కొంత అంగడిలోను నశించుచున్నది.

లోహము తనంత తాను చెప్పు సంగతులు లేకపోలేదు. రాగికిని, కంచునకును పచ్చని చిలుము పట్టును. వెండి నల్లబడును. ఇనుము తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడిపోవును. బంగారము చెడదు. సమ్మెటదెబ్బల గుర్తులు, అచ్చు అతుకు, తొలిచిన రంధ్రము, సమముగా తీర్చిన అంచు కనబడినచో అది మనుష్యుని చేతిపని యని ఊహింపవచ్చును. అల్యూమినియముతో చేసిన వస్తువైనచో అది ప్రాచీనమైనది కాదని నిస్సంశయముగ చెప్పవచ్చును. ఏలయన ఆ లోహమును శాస్త్రజ్ఞులు 1825వ సంవత్సరమునగాని వేరుచేయలేకపోయిరి. ఆకారము లేక, రంధ్రములతో నిండి, బరువుగా నుండు నల్లని ముద్ద ఇనుపచిట్టెము కావచ్చును. అది వస్తువు కాకపోయినను వ్యర్థము కాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో పూర్వము మేలైన ఉక్కును చేసెడివారు. దానిని కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. అట్టి చోట చిట్టెపుముక్క సైతము అక్కడ కొలిమి మండినదనుటకు సాక్ష్యమగును.

కాని తుప్పును చూచి వయస్సును నిర్ణయించుట పొరపాటు. ఉప్పునేలలో పడిన మేకు కొలది యేండ్లలోనే శిథిలమగును. ఢిల్లీలోని ఇనుపస్తంభమో, సుమారు 1,600 సంవత్సరములుగా ఎండకును వానకును ఓర్చి నిలిచియున్నది. దాని ఇనుములో భాస్వరము అధికముగా నుండుటచేత ఉపరితలమున రక్షకమైన పొర యేర్పడినదని శాస్త్రజ్ఞులు వివరించిరి. కావున మిక్కిలి తుప్పుపట్టినదెల్ల పాతది కాదు. చెక్కుచెదరనిదెల్ల క్రొత్తది కాదు.

కంటికి వ్యర్థముగా తోచినది ఎంత విలువైనది కాగలదో తెలుపుటకు గ్రీసుదేశపు ఉదంతము చాలును. ఆంటికిథెరా అను ద్వీపము చెంత సముద్రగర్భమున మునిగిన పురాతన నౌకను 1900వ సంవత్సరమున స్పాంజీలను సేకరించు గజ యీతగాండ్రు కనుగొనిరి. అందుండి శిల్పములను వెలికితీసినప్పుడు చిలుముపట్టిన కంచుముద్ద యొకటి కూడ వచ్చెను. ఏథెన్సు ప్రదర్శనశాలలో అందరి దృష్టియు శిల్పములపైననే యుండెను. 1902లో ఆ ముద్ద పగిలియుండగా స్టాయిస్ అను పండితుడు అందులో పండ్లచక్రమును గుర్తించెను. తరువాత ఎక్స్ కిరణములతో పరీక్షించి, సూర్యచంద్రుల గతులను, గ్రహణములను గణించుటకై సుమారు 2,000 ఏండ్లకు పూర్వము చేసిన యంత్రమని తేల్చిరి. అందు 30 పండ్లచక్రములు నేటికిని మిగిలియున్నవి. ఆ ముద్దను ఎవ్వడైన కరగించియుండినచో అట్టి యంత్రము పూర్వులు చేయగలిగిరని నేడు నమ్మువారే యుండరు.

వస్తువు దక్కినను చోటు దక్కకపోయినచో కలుగు నష్టము వేరొకటి. జర్మనీలో నెబ్రా పట్టణ సమీపమున నున్న కొండపై 1999లో ఇరువురు మనుష్యులు అనుమతి లేకుండ లోహశోధక యంత్రముతో వెదకి ఒక కంచుఫలకమును త్రవ్వి తీసిరి. దాని వ్యాసము సుమారు 30 సెంటీమీటర్లు. దానిపై బంగారు రేకులతో చంద్రవంకయు, చుక్కలును పొదిగియున్నవి. గుంపుగా నున్న ఏడు చుక్కలు కృత్తికలని పండితుల అభిప్రాయము. తొందరపాటుతో త్రవ్వుటచే దాని యంచు దెబ్బతినెను. దానితోపాటు కత్తులును, గొడ్డండ్రును దొరికినవని చెప్పి వారు అన్నిటిని రహస్యముగ అమ్మివేసిరి. 2002లో రక్షకభటులు స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున ఫలకమును పట్టుకొనిరి. శాస్త్రజ్ఞులు ఫలకమునకు అంటిన మన్నును, గోతిలోని మన్నును పోల్చిచూచిరి. కత్తుల తీరును బట్టి అది క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున పాతిపెట్టబడినదని నిర్ణయించిరి. అయినను, ఆ వస్తువులన్నియు ఒక్క గోతిలోనివే యనుటకు నమ్మదగిన ఆధారము లేదనియు, ఫలకము దాదాపు వేయేండ్లు తరువాతిదనియు 2020లో ఇద్దరు పురాతత్త్వవేత్తలు వాదించిరి. ఆ వాదమును ఇతర పండితులు ఖండించిరి. వాద మెవరిదైనను, తగవునకు కారణ మొక్కటే: త్రవ్వినవారు చోటును పాడుచేసిరి. ఇరువది సంవత్సరములు గడచినను ఆ కొరత తీరలేదు.

తెలుగునేలపై ఇందుకు భిన్నమగు ఉదాహరణము కోటిలింగాల. గోదావరి యొడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో నున్న ఈ గ్రామమున చిన్న చిన్న పాతనాణెములు లభించినవి. కంటికి అవి మాసిన బిళ్లలు. తూకమునకు కొలది పైసలు. కాని వానిపై సిముకుని పేరున్నది. అతడు శాతవాహనవంశ మూలపురుషుడు. గోభద్ర, కంవాయ, నారన, సమగోప అను రాజుల పేళ్లును ఉన్నవి. పురాణములలో కనబడని యీ రాజుల యునికిని ఆ బిళ్లలే తెలిపినవి. ఆ నాణెములు గోదావరితీరమున దొరికినవని తెలియుటచేతనే శాతవాహనుల తొలిదినములకు తెలంగాణముతో గల సంబంధమును గూర్చి చరిత్రకారులు బలముగ వాదింపగలిగిరి. అవే నాణెములు ఏ పట్టణపు అంగడిలోనో చోటు తెలియక కనబడియుండినచో సిముకుని పేరు మిగిలెడిదే కాని ఆ వాదమునకు ఆధారము మిగిలెడిది కాదు.

“అధికారులకు చెప్పినచో సొమ్ము పోవును, తిరుగుడు మిగులును” అని పల్లెలలో ఒక మాట కలదు. ఆ భయము పూర్తిగ నిరాధారమని త్రోసివేయరాదు. అయినను భారతదేశమున 1878లో చేసిన నిక్షేపశాసనము దొరికించుకొన్నవానిని మరువలేదు. భూమిలో 10 రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో అది ఏమో, ఎంతో, ఎక్కడ, ఏనాడు దొరికెనో కలెక్టరునకు వ్రాసి తెలుపవలెనని ఆ శాసనము విధించినది. నిక్షేపమునకు హక్కుదారు తేలక, వేరొక ఒప్పందము లేనిచో, మూడువంతులు కనుగొన్నవానికి, నాల్గవ వంతు భూమి యజమానికి చెందవలెననియు చెప్పినది. దాచినవాడు తన భాగమును కోల్పోవుటయే కాక శిక్షకును పాత్రుడగును. శాసనము సైతము “ఎక్కడ” అని అడుగుట గమనింపదగినది.

అయితే ప్రభుత్వపక్షమున నున్నవారికిని ఒక బాధ్యత కలదు. వస్తువును తీసికొనిపోవుటతో పని ముగియరాదు. అది ఏమని తేలినదో దానిని ఇచ్చిన రైతునకు తెలుపవలెను. ప్రదర్శనశాలలో అది దొరికిన గ్రామము పేరు వ్రాయవలెను. తన పొలము చరిత్రకెక్కినదని తెలిసిన రైతు మరల దొరికినదానిని దాచడు.

ఇక పల్లెవారు చేయవలసినది మిక్కిలి స్వల్పము. దొరికినదానిని చింతపండుతో తోమరాదు. చిలుముతోపాటు అక్షరములును పోవును. ఆకురాతితో అరగదీయరాదు, నిప్పులో కాల్చరాదు. అంటుకొన్న మన్నును అట్లే యుండనిచ్చి, వస్తువు ఎంత లోతున, దేని ప్రక్కన దొరికినదో కాగితముపై వ్రాసికొని, చుట్టును త్రవ్వుట మాని, గ్రామాధికారికి తెలుపవలెను. ఈ పనికి పాండిత్య మక్కరలేదు. ఎనిమిదవ తరగతి చదువు బాలుడో, బాలికయో తండ్రి ప్రక్కన నిలిచి చేయదగినదే. ఆ లోహఖండము తుదకు విరిగిన కర్రుముక్క యని తేలినను నష్టము లేదు. కాకపోయినచో, ఆ కాగితము ముక్క లోహముకన్న విలువైనది కావచ్చును.