పద్దెనిమిదేళ్ల గీత

ఆరోగ్య బీమా పాలసీని చివరి పేజీ దాకా చదివేవాళ్లు అరుదు. ఓపిక చేసుకుని చదివితే మినహాయింపుల జాబితాలో ఆరో నంబరు దగ్గర స్థూలకాయం కనబడుతుంది. బరువు తగ్గించే ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే డాక్టరు సలహా ఉండాలి, ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 40కి చేరాలి. అదుపులేని మధుమేహమో గుండెజబ్బో తోడై, మిగతా మార్గాలు విఫలమైతే 35 చాలు. వీటితోపాటు ఇంకో షరతు: మనిషికి 18 ఏళ్లు నిండాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకే మూసలో పోసిచ్చిన నిబంధన ఇది. పదహారేళ్ల కుర్రాడు 140 కిలోలున్నా, నిద్రలో ఊపిరాగి రాత్రికి నాలుగుసార్లు ఉలిక్కిపడి లేస్తున్నా, చక్కెరకు ఇన్సులిన్ పొడుచుకుంటున్నా నిబంధన మారదు. రెండేళ్లాగి రమ్మంటుంది.

ఆగితే ఏమవుతుంది?

దీనికి జవాబు వెతికినవాళ్లు అమెరికాలో ఉన్నారు. సిన్సినాటి పిల్లల ఆసుపత్రి కేంద్రంగా, థామస్ ఇంజ్ అనే సర్జన్ నాయకత్వంలో 2007లో ‘టీన్-ల్యాబ్స్’ అధ్యయనం మొదలైంది. ఐదు ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 242 మంది పిల్లల వెంట వైద్యులు ఏళ్ల తరబడి నడిచారు. ఆ పిల్లల సగటు వయసు 17, సగటు బరువు 149 కిలోలు. మూడేళ్లకు సగటున 27 శాతం బరువు దిగింది. 2019లో వెలువడిన ఐదేళ్ల లెక్క ఇంకా ఆసక్తికరం. టీనేజీలోనే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను, టీనేజీ నుంచే లావుగా ఉండి పెద్దయ్యాక అదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో పోల్చారు. తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే. తేడా రోగాల దగ్గర వచ్చింది. మధుమేహం పిల్లల్లో 86 శాతం మందిని వదిలితే, పెద్దల్లో 53 శాతం మందినే వదిలింది. రక్తపోటు సంగతీ అంతే: 68 శాతం, 41 శాతం. ఒకే జబ్బు, ఒకే ఆపరేషన్. మధ్యలో గడిచిన ఏళ్లే ఆ తేడా తెచ్చాయనుకోవాలి.

ఆపరేషన్ లేకుండా మందులతో నెట్టుకొచ్చిన పిల్లల కథ ‘టుడే’ అనే మరో అధ్యయనంలో ఉంది. టైప్-2 మధుమేహం వచ్చిన ఆ పిల్లలకు సగటున 26 ఏళ్లు వచ్చేసరికే 60 శాతం మందిలో మూత్రపిండాలో, కంటి రెటీనానో, నరాలో దెబ్బతిన్నాయి. మన ఇళ్లలో యాభై దాటాక వినే మాటలివి.

అయినా మన దగ్గర ఈ పిల్లలకు మొదట దొరికేది నీతిబోధే. నోరు కట్టుకోలేవా, పొద్దున్నే లేచి పరిగెత్తలేవా అంటారు. అదే నోటితో, ఎదిగే పిల్లాడు కదా తిననీ, ఈడొస్తే వాడే సన్నబడతాడు అని ఇంకో ముద్ద వడ్డిస్తారు. ఒంటి బరువు ఒక స్థాయి దాటాక శరీరం దాన్నే తన సొంత బరువుగా కాపాడుకుంటుంది. తిండి తగ్గిస్తే ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. స్వీడన్‌లో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 50 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఆపరేషన్ చేశారు. రెండో జట్టుకు గట్టి పర్యవేక్షణలో ఆహార, వ్యాయామ చికిత్స ఇచ్చారు. రెండేళ్లకు మొదటి జట్టు బీఎంఐ 12.6 పాయింట్లు దిగితే, రెండో జట్టుది 0.2 దిగింది. రెండో జట్టు పిల్లలందరూ బద్ధకస్తులేనని ఎవరైనా అంటారా?

ఆపరేషన్ చేసేది కడుపు కుదించడం ఒక్కటే కాదు. ఇప్పుడు ఎక్కువగా జరిగే స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో మూడొంతులు కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేస్తారు. తీసేసిన ఆ భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారవుతుంది. అందుకే కొత్తలో ఈ పిల్లలకు అన్నం వేళ గుర్తు చేయాల్సి వస్తుంది.

అలాగని ఇది మంత్రదండమేమీ కాదు. టీన్-ల్యాబ్స్‌లో మూడేళ్ల నాటికి 95 శాతంగా ఉన్న మధుమేహ విముక్తి, పదేళ్లు గడిచేసరికి 55 శాతానికి వచ్చింది. మూడేళ్లలో 13 శాతం మంది కడుపుకు మరో ఆపరేషనో ప్రొసీజరో చేయించుకోవాల్సి వచ్చింది. 57 శాతం మందిలో ఇనుము నిల్వలు అడుగంటాయి. ఎముకల సాంద్రత తగ్గవచ్చు. కొత్త కడుపు నుంచి మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది కాబట్టి, ఇరవైల్లో పడ్డాక తాగుడు కొందరికి కొత్త చిక్కు అవుతోంది. ఆపరేషన్ ప్యాకేజీల ప్రకటనల్లో ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన ఉంటాయి. ఆ రెండో ఫొటోకు పదేళ్ల తర్వాత తీసిన మూడో ఫొటో మాత్రం ఉండదు.

ఈ ఇనుము లెక్క తెలుగు నేల మీద ఇంకా బరువైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి, అంతకు పైనే, రక్తహీనత ఉంది. లావుగా కనిపించే పిల్లకు రక్తం తక్కువ ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచదు. పైగా మాంసం ముట్టని ఇళ్లలో బీ12 ముందే కొరత. అలాంటి పిల్లకు ఆపరేషన్ చేసి, మాత్రల చీటీ చేతిలో పెట్టి పంపిస్తే సరిపోదు. పెళ్లి సంబంధాలు చూసేలోగా పిల్ల సన్నబడాలన్న తొందరతో వచ్చే తల్లిదండ్రులనైతే సర్జన్ వెనక్కి పంపడమే మేలు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని వైద్యులే చెబుతారు.

వారానికోసారి పొడుచుకునే సెమాగ్లూటైడ్ వచ్చాక కత్తి అవసరమే ఉండదన్న వాదన ఉంది. 12 ఏళ్లు దాటిన పిల్లల మీద జరిగిన ప్రయోగంలో అది 68 వారాల్లో బీఎంఐని సగటున 16 శాతం తగ్గించింది. మంచి మందే. కానీ ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. బీఎంఐ 50 ఉన్న పిల్లాడికి 16 శాతం తగ్గినా ఇంకా 42 మిగులుతుంది.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023లో 13 ఏళ్లు దాటిన, తీవ్ర స్థూలకాయమున్న పిల్లలను సర్జరీ బృందం దగ్గరకు పంపవచ్చని చెప్పింది. ఆ ‘బృందం’ అన్న మాటే కీలకం. పిల్లల డాక్టరు, డైటీషియన్, మనస్తత్వ నిపుణుడు, సర్జన్ కలిసి కూర్చుని నిర్ణయించాలి. మన బీమా నిబంధన వయసుకు గీత గీసింది గానీ బృందం గురించి అడగలేదు. ఫలితం వింతగా ఉంది. పద్దెనిమిది నిండని బిడ్డకు ఆపరేషన్ చేయించకూడదని బీమా కంపెనీ ఎవరినీ ఆపలేదు, డబ్బివ్వనని మాత్రమే అంటుంది. లక్షలు పోయగలిగిన తండ్రి ఏ ఆసుపత్రికైనా వెళ్లవచ్చు. పోయలేని తండ్రి, కొడుకు మూత్రపిండాలను పణంగా పెట్టి పుట్టినరోజుల కోసం ఎదురుచూడాలి. వయసు షరతు తీసేసి, ఆ స్థానంలో పూర్తి బృందం, కనీసం పదేళ్ల పరీక్షలు, ఫలితాల నమోదు ఉన్న ఆసుపత్రికే డబ్బిస్తామని ఐఆర్‌డీఏఐ రాయవచ్చు. ఏటా చేయించే రక్తపరీక్షల ఖర్చూ అందులోనే కలపాలి.

అప్పుడూ ఒక చిక్కు మిగులుతుంది, అది ఆసుపత్రి బయటిది. పదహారేళ్ల పిల్లాడంటే మన దగ్గర ఇంటర్ చదివేవాడు, చాలాసార్లు హాస్టల్లో ఉండేవాడు. ఆపరేషన్ అయిన పిల్లాడు గుప్పెడు అన్నాన్ని అరగంట నమలాలి. ముందు పప్పో గుడ్డో తినాలి, అన్నం ఆ తర్వాతే. భోజనంతో నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. మెస్‌లో చూస్తే కంచం నిండా అన్నం, నీళ్లలాంటి సాంబారు. క్యూలో పదిహేను నిమిషాలు పోతే తినడానికి పది మిగులుతాయి, ఈలోగా స్టడీ అవర్ బెల్లు. రూములో ట్రంకుపెట్టె అడుగున ఐరన్ మాత్రల పట్టీ. అందులో ఎన్ని మిగిలాయో లెక్క చూసే మనిషి ఆ భవనంలో ప్రస్తుతానికి ఎవరూ లేరు.