నవ్వేది తప్పుకా, అమ్మకా?

అమ్మ ‘రిలేటెడ్ విత్’ అంటే ఇంట్లో అందరూ పగలబడి నవ్వుతారు. అక్కడ ‘టు’ రావాలి, నిజమే. కానీ ఆ ‘విత్’ ‘దానితో సంబంధం’ అనే మన తెలుగులోంచి వచ్చిందే కదా! అది తెలివితక్కువతనం కాదు, అమ్మభాష అలవాటు. ‘ఆమె మాకు చుట్టం’లోని ‘కు’ గుర్తుపెట్టుకుంటే ‘టు’ దానంతటదే వస్తుంది. ఇంత చెప్పడానికి నిమిషం పట్టదు.

మరి పెద్ద చదువులవాళ్ళు ఆఫీసు ఈమెయిళ్ళలో రాసే ‘విత్ రిగార్డ్స్ టు’ సంగతేమిటి? ‘గురించి’ అనాలంటే ‘విత్ రిగార్డ్ టు’ చాలు. ‘రిగార్డ్స్’ అంటే ఉత్తరం చివర పెట్టే నమస్కారాలు. దానికి ఎవరూ నవ్వరే! అంటే నవ్వు తప్పుని చూసి కాదు, మనిషిని చూసి.

ఆ నవ్వుకి జడిసే ఎందరో తల్లులు స్కూలు మీటింగుల్లో నోరు విప్పరు. దిద్దితే నేర్చుకుందాం. నవ్వితే మాత్రం ఊరుకోకండి.